కొషవా ఊపిరి బిగబట్టిన రోజు

రండి, దగ్గరికి జరగండి. ఆ బెంచీ పొయ్యి వైపుకి లాక్కోండి. ముసలాళ్లకి గోడ ఆనుకునే చోటు వదలండి. ఎవరో కిటికీ మూసినట్టున్నారు, తెరవండి. చలిగా ఉంటే కోటు వేసుకోండి. ఈ కథ చెప్పేటప్పుడు నా ఇంట్లో కిటికీ తెరిచే ఉంటుంది. దాని పక్కన పెట్టిన కాఫీ కప్పు ఎవరూ ముట్టకండి, అది మీకోసం కాదు.

ప్రభువు పేరు తలుచుకుని మొదలుపెడతాను. ముందే చెప్తున్నా, ఇది చల్లగా చెప్పే కథ కాదు. కోపం పాపమని మా ఫాదర్ గావ్రిలో ప్రతి ఉపవాస కాలంలోనూ చెప్తాడు, నేనూ తల వంచుకుని వింటాను. కానీ ఈ ఒక్క కోపాన్ని మాత్రం ఆ దేవుడే నా దగ్గర దాచి ఉంచమని ఇచ్చాడనుకుంటాను. అడిగినప్పుడు ఇలా తీసి చూపిస్తుంటాను.

మా టొపోల్నిక్‌లో, డాన్యూబ్ నది గట్టు మీద, పడవల రేవుకి ఎదురుగా నీలం తలుపుల ఇల్లు ఉంది కదా, అది పెర్సిదా ఇల్లు. భర్త రాదిసావ్ ఇసుక పడవ నడుపుతాడు. అత్త మిలుంకా ఇల్లు నడుపుతుంది. పెర్సిదా ఆ ఇద్దరినీ నడుపుతుంది, ఆ సంగతి మాత్రం ఆ ఇద్దరికీ తెలియదు. పొద్దున్నే లేచి పొయ్యి రాజేస్తుంది. కోళ్లకి గింజలు వేస్తుంది. పొడుగు పిడి ఉన్న రాగి గిన్నెలో కాఫీ కాచి మనిషికో కప్పు పోస్తుంది. ఆకులు రాలిన దగ్గర్నుంచి మంచు కరిగేదాకా ఇంకో కప్పు కూడా పోసి కిటికీ దగ్గర పెడుతుంది. అది కొషవాకి.

కొషవా అంటే మా గాలి. కొండల ఇరుకులోంచి, నది వెంబడి వస్తుంది. శీతాకాలమంతా మా ఊళ్లోనే మకాం. బూడిద రంగు గౌను, తలకి గుడ్డ, ఒంటి నిండా నది బురద వాసన, ఎండురెల్లు వాసన. ఇంట్లోకొచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చుందంటే బల్ల మీద గుడ్డ అంచులు లేచి నిలబడతాయి. కాఫీ పూర్తిగా చల్లారాకే తాగుతుంది, వేడిది తాగితే కడుపులో సుడి లేస్తుందట. మంచిగా ఉన్నప్పుడు అందరూ పెద్దమ్మా అంటారు, కోపమొస్తే ముసలి గద్ద అంటారు. పెంకులు లేపేస్తుంది, పడవల తాళ్లు తెంపేస్తుంది, టోపీలు ఎత్తుకుపోతుంది, తర్వాత ఏమీ ఎరగనట్టు వచ్చి కాఫీ అడుగుతుంది. చుట్టాల్లో అలాంటివాళ్లు ఎవరింట్లో ఉండరు చెప్పండి.

ఆవిడ ఎదురుగా కూర్చుంటే భయం లేదు. కానీ ఆవిడ శాలువా అంచు ఉందే, అది రెండు కిటికీల మధ్యనుంచి జారి వెనకనుంచి మెడకి తగిలిందా, ఇక అంతే. దాన్ని మేం ప్రొమాయా అంటాం. మావాళ్లు యుద్ధాలకి కూడా భయపడలేదు గానీ ప్రొమాయాకి భయపడతారు. మెడ పట్టేసిందా, ప్రొమాయా. పన్ను పోటా, ప్రొమాయా. పిల్లవాడు లెక్కల్లో తప్పాడా, పరీక్ష గదిలో కిటికీ తెరిచి ఉంటుంది. ఎండాకాలం నడిమధ్యాహ్నం బస్సులో ఎవరైనా కిటికీ తెరిస్తే వాళ్లని దేశద్రోహిని చూసినట్టు చూస్తారు.

ఆ ఏడు చెర్రీలు కోసే రోజుల్లో పెర్సిదా నిచ్చెన మీద ఉండగా ఎడమ చెవి వెనక ఒక చప్పుడు మొదలైంది. హుష్, హుష్, హుష్. ఎవరో చెవి వెనక నిలబడి తడిబట్ట దులుపుతున్నట్టు. నిచ్చెన దిగితే నెమ్మదించింది. బుట్ట ఎత్తుకుని గట్టెక్కితే ఉరికింది. అప్పుడు మణికట్టు మీద వేలు పెట్టి చూసుకుంది. నాడి కొట్టినప్పుడల్లా చప్పుడు. ఒకటి కొడితే ఒకటి. చెవి వెనక ఎముక దగ్గర వేలితో నొక్కితే తగ్గింది. వేలు తీస్తే మళ్లీ వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పింది.

"తల తడుపుకుని కిటికీ దగ్గర కూర్చుంటావు," అంది మిలుంకా. "ప్రొమాయా కొట్టింది. ఎన్నిసార్లు చెప్పాను."

రాదిసావ్ సూప్‌లో రొట్టె ముంచుతూ కాసేపు చెవి ఒగ్గి, "నాకేం వినపడట్లేదే," అన్నాడు.

"నా తలలోది నీకెలా వినపడుతుంది?"

"మరి ఉందని ఎలా నమ్మాలి?"

"నేను చెప్తున్నాగా."

"అదే అంటున్నా," అన్నాడు రాదిసావ్, ఇంకో ముక్క ముంచుతూ.

అతను చెడ్డవాడు కాదు. అదే నాకు కోపం. చెడ్డవాళ్లు చేసింది ఎలాగోలా ఓర్చుకుంటాం. మంచివాళ్లు సూప్ తాగుతూ చేసేదానికి ఎవర్ని తిట్టాలి?

మా ఊరి దవాఖానాలో అప్పుడు డాక్టర్ సిమిచ్ ఉండేవాడు. నోట్లో ఎప్పుడూ పుదీనా బిళ్ల. పెర్సిదా చెవిలోకి దీపం పెట్టి చూసి, "చెవి అద్దంలా ఉంది," అన్నాడు.

"చెవిలో కాదు డాక్టరు గారూ, చెవి వెనక."

"వయసెంత?"

"నలభై ఎనిమిది."

"అదీ సంగతి. ఈ వయసులో ఆడవాళ్లకి నరాలు కాస్త పాడతాయి. దానికి తోడు మన ఊరి గాలి."

"నా గుండె కొట్టుకున్నప్పుడల్లా చప్పుడొస్తుంది. మెట్లెక్కితే ఎక్కువవుతుంది. నా వయసు కూడా మెట్లెక్కుతుందా?"

"చూశావా, కోపం కూడా వస్తోంది. అది కూడా లక్షణమే."

ఆయన మెడలో గుండె వినే గొట్టం వేలాడుతోంది. పెర్సిదా దాని వైపు వేలు చూపించింది. "అది ఇక్కడ పెట్టి ఒక్కసారి వినండి."

సిమిచ్ నవ్వాడు. వరసలో కూర్చున్నవాళ్లు కూడా నవ్వారు. "తల్లీ, ఇది గుండెకీ ఊపిరితిత్తులకీ. తలకాయలో వినడానికేముంటుంది?"

గుండె మీద పెట్టే గొట్టాన్ని జానెడు పైకి జరపాలి. అంతే. గడ్డం దాటి చెవి వెనక్కి. ఆ జానెడు దూరం ఆయన చెయ్యి వెళ్లలేదు. నిద్రమాత్రలు రాసిచ్చి, "కిటికీలు మూసుకో, మనసు ప్రశాంతంగా పెట్టుకో," అన్నాడు.

వేసవంతా అంతే. మళ్లీ వెళ్లింది, మాత్రలు మారాయి. ఇంకోసారి వెళ్తే, "నీ కంటే మీ అత్త ఆరోగ్యంగా ఉంది, ఆవిడ్ని చూసి నేర్చుకో," అన్నాడు. పెర్సిదా ఎప్పుడూ చెవి వెనక వేలు పెట్టుకుని తిరిగేది. సంతలో ఆడాళ్లు, "ఫోన్‌లో ఎవరే పెర్సిదా, మాకూ ఇవ్వు," అని ఆటపట్టించేవారు. ఆదివారాలు గుడిలో పాట ఎత్తేది తనే. ఆ చప్పుడు తాళమైపోయి, దాని వెంట పాట నడిచేది. ఒకరోజు మెట్లెక్కి ఆయాసంగా ఉండి, ప్రార్థన గీతాన్ని పెళ్లి డాన్సులా పరిగెత్తించింది. ముసలాళ్లు ఆమె వెనక అందుకోలేక దగ్గారు. ఆ తర్వాత పాట ఎత్తే పని మిలుంకా తీసుకుంది. దేవుడి ఇంట్లో పాడే గొంతు కాబట్టి మిలుంకా గొంతు గురించి ఏమీ అనను.

ఆకులు రాలాయి. కొషవా వచ్చే రోజులు దగ్గరపడ్డాయి. మిలుంకా కిటికీ సందులన్నిటికీ వెడల్పాటి టేపు అంటించింది. తాళం చెవుల కన్నాల్లో దూది కూరింది. పొయ్యి గొట్టానికి రేకు మూత పెట్టింది. కోడలి తలగడ కింద వెల్లుల్లి పెట్టింది, గుమ్మానికి వెల్లుల్లి, మెడలో వెల్లుల్లి. కిటికీ దగ్గర కాఫీ కప్పు పెట్టడం మాన్పించింది.

"పెద్దమ్మ ఏమనుకుంటుంది అత్తయ్యా?"

"ఏమనుకుంటే నాకేం. నీ తలలో కాపురం పెట్టిందిగా, అక్కడే కాఫీ తాగమను."

మూసిన ఇంట్లో చప్పుడు ఇంకా పెద్దదైంది. బయట ఏ శబ్దమూ లేకపోతే లోపలిదే వినిపిస్తుంది కదా. తలనొప్పి కళ్ల వెనక కూర్చుంది. చూపు అంచులు మసకబారాయి. ఒకరోజు ఉప్పు అడగబోయి "పడవ ఇవ్వు" అంది. తప్పు తెలుసుకుని మళ్లీ చెప్పబోయింది, మళ్లీ "పడవ" అనే వచ్చింది. రాదిసావ్ నవ్వాడు. పెర్సిదా నవ్వలేదు. చేతిలో చెంచా బల్ల మీద పెట్టి, పెరట్లోకి వెళ్లి, కోళ్ల గూటి దగ్గర నిలబడి ఒక్కొక్క వస్తువునీ చూస్తూ దాని పేరు పైకి అనుకుంది. బకెట్టు. పార. కోడి. తాడు. కొన్నిటి పేర్లు వచ్చాయి. కొన్నిటివి రాలేదు. మా పెరడు పక్కనే, నేను ప్లమ్ చెట్ల ఇవతల నుంచి విన్నాను. గొంతులో ఏడుపు లేదు, పళ్లు నూరుతున్న చప్పుడు ఉంది.

ఇప్పుడు సెయింట్ నికోలా పండగ సంగతి. ఆ ఇంటి దేవుడు ఆయన. పడవలవాళ్ల దేవుడు. మా వాళ్లలో ప్రతి ఇంటికీ ఒక పండగ ఉంటుంది, స్లావా అంటాం. దానికి ఎవరినీ పిలవం. కొవ్వొత్తి వెలిగించి తలుపు గడియ తీసి కూర్చుంటాం, తెలిసినవాళ్లు వస్తారు. వచ్చినవాళ్లని వెనక్కి పంపకూడదు. శత్రువైనా సరే, కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ వాడు చుట్టమే. అలా పంపిన ఇంటికి ఏమవుతుందో నాకు తెలియదు, ఎందుకంటే మా ఊళ్లో ఎవరూ ఎప్పుడూ పంపలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఇల్లు నిండింది. ఉపవాస కాలం కాబట్టి మాంసం లేదు, చేపలే. ఉల్లిపాయల మీద కాల్చిన కార్ప్, బీన్స్, అక్రోట్ల రొట్టె, ప్లమ్ సారాయి. ఫాదర్ గావ్రిలో పండగ రొట్టె కోసి, దాని మీద వైన్ పోసి దీవించాడు. డాక్టర్ సిమిచ్ కూడా వచ్చాడు, ఆ ఇంటి చేప ఆయనకి ఇష్టం. టేపు వేసిన కిటికీల మధ్య ఉక్కపోస్తుంటే చొక్కా గుండీలు విప్పుకుని, "ఇలాగే ఉండాలి, ఆరోగ్యం," అన్నాడు. పెర్సిదా వడ్డిస్తోంది. ఎడమ చేతి వేలు చెవి వెనక.

అప్పుడు తలుపు కొట్టిన చప్పుడైంది.

కొషవా ఎప్పుడూ తలుపు కొట్టదు. ఆ రోజు కొట్టింది. తలగుడ్డ సరిచేసుకుని, పండగకి వచ్చిన చుట్టంలా గుమ్మం అవతల నిలబడింది. చేతిలో కానుక, ఒక గోధుమరంగు టోపీ. అది రాదిసావ్‌దే, పోయిన చలికాలం రేవులో పోయింది.

మిలుంకా గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది. "నువ్వు కాదు. నా కోడలి తల తినేశావు, ఇంకా చాల్లేదా?"

 ఫాదర్ గావ్రిలో నోట్లోంచి చేప ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టాడు.

"మిలుంకా," అన్నాడు. "కొవ్వొత్తి వెలుగుతోంది."

 మిలుంకా చేతులు దించింది. "రా, కూర్చో. కానీ కదలకు."

"కదలకుండా కూర్చోడానికి నేనేమన్నా బంగాళదుంపనా," అంటూ వచ్చింది కొషవా. కొవ్వొత్తి మంట వంగింది గానీ ఆరలేదు, ఆవిడ జాగ్రత్తగా దూరం నుంచి తిరిగి వెళ్లింది. శిలువ గుర్తు వేసుకుంది. పండగకి ఉడికించిన తీపి గోధుమలు ఒక చెంచా తింది. టోపీ రాదిసావ్ ఒళ్లో పెట్టింది. కుర్చీ కోసం కిటికీ వైపు తిరిగి, ఆగిపోయింది. టేపు చూసింది. తాళం కన్నంలో దూది చూసింది. పొయ్యి గొట్టం మీద రేకు చూసింది. పెర్సిదా మెడలో వెల్లుల్లి దండ చూసింది.

"ఇదంతా నా కోసమేనా?"

 సిమిచ్ గొంతు సవరించుకున్నాడు. "ఏం లేదు పెద్దమ్మా. అమ్మాయికి తలలో ఏదో చప్పుడని అనుమానం. నరాలు, వయసు, దానికి తోడు కాస్త నీ గాలి. అందుకని."

కొషవా పెర్సిదా వైపు తిరిగింది. "ఎప్పట్నుంచి తల్లీ?"

"చెర్రీలు కోసే రోజుల్నుంచి."

"చెర్రీలు కోసేటప్పుడు నేనెక్కడున్నాను?"

బల్ల మీద గుడ్డ నాలుగు అంచులూ లేచాయి. గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయి. నేను పక్కనే ఉన్నాను, నా చెవులు ఇప్పటికీ ఆ మాట మర్చిపోలేదు. అంతమందిమి ఉన్నాం. వేసవిలో కొషవా ఊళ్లో ఉండదని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. చప్పుడు వేసవిలో మొదలైందని అందరం విన్నాం. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఒక్కరు లేరు.

"డాక్టరూ, నువ్వు చదువుకున్నవాడివి. జూన్‌లో నేనీ ఊళ్లో ఉన్నానా?"

"మాట వరసకి అన్నాం పెద్దమ్మా."

"మాట వరసకి." కొషవా గొంతు పెంచలేదు. అందుకే మాకు భయమేసింది. "స్టోయన్ గుండె పట్టుకుని పడిపోతే, ప్రొమాయా తగిలింది పడుకోబెట్టండి అన్నారు. పడుకున్నవాడు లేవలేదు. రూజా బిడ్డకి జ్వరం తలకెక్కితే కిటికీ మూశారు, అంతే, ఇంకేం చెయ్యలేదు. ఆ రెండు శవపేటికల వెనక నేనూ నడిచాను, మీ తలగుడ్డలు ఎగరకుండా నెమ్మదిగా నడిచాను. నేను పెంకులు లేపుతాను, ఒప్పుకుంటాను. టోపీలు తీస్తాను, ఒప్పుకుంటాను. మీకు వినడానికి బద్ధకమైనవన్నీ నా నెత్తిన ఎందుకు పెడతారు?"

 కొషవా పెర్సిదా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని పీట మీద కూర్చోబెట్టింది. వెల్లుల్లి దండ పక్కకి జరిపి, చెవి వెనక వేలు తీయించి, అక్కడ తన చెవి ఆనించింది. చెర్రీల కాలం నుంచి చేపల పండగ దాకా ఆ తలకి చెవి ఆనించిన మొదటి ప్రాణి ఆవిడ.

చాలాసేపు వింది.

"ఇది నేను కాదు," అంది. "నాకు తాళం లేదు. నేనెప్పుడూ వరసగా రెండుసార్లు ఒకేలా వీచలేదు. దీనికి తాళం ఉంది. ఇది నెత్తురు. ఎక్కడో దారి తప్పి పారుతోంది."

"నెత్తురైతే మాకు వినపడదా?" అంది మిలుంకా.

"నేను ఊళ్లో ఉన్నంతసేపూ మీకు ఏం వినపడుతుంది? సరే."

కొషవా కుర్చీలో కూర్చుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది. ఊపిరి బిగబట్టింది.

మీలో ఎంతమందికి గుర్తుందో ఆ నిశ్శబ్దం. రేవులో తెరచాప కొయ్యలకి తాళ్లు కొట్టుకునే చప్పుడు చలికాలమంతా ఆగదు, అది ఆగింది. పొగ గొట్టాల మీద పొగ గీత గీసినట్టు నిలబడింది. డాన్యూబ్ మీద అలలు పడుకున్నాయి. కుక్కలు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. కొవ్వొత్తి మంట మేకులా నిటారుగా నిలిచింది. అప్పుడు, ఆ గదిలో, గ్రామఫోన్ రికార్డు మీద ముల్లు తిరుగుతున్నంత సన్నగా, వినపడింది.

హుష్. హుష్. హుష్.

"ఫ్రిజ్ అయ్యుంటుంది," అన్నాడు సిమిచ్.

రాదిసావ్ లేచి ఫ్రిజ్ వైరు పీకాడు. హుష్, హుష్.

"గోడ గడియారం," అన్నాడు సిమిచ్.

రాదిసావ్ గడియారం లోలకం పట్టుకుని ఆపాడు. హుష్, హుష్.

ఇంకేం లేదు వంక పెట్టడానికి. రాదిసావ్ పెర్సిదా దగ్గరికి వచ్చాడు. పెద్ద మనిషి, ఇసుక మోసి మోసి భుజాలు వంగిన మనిషి, ఆమె కూర్చున్న పీట పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె తలకి చెవి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్లు పక్కనే పడుకున్నాడు, ఒక్క తలగడ దూరం.

"ఉంది," అన్నాడు.

 పెర్సిదా అతని జుట్టు పట్టుకుని ఒక్కసారి గట్టిగా గుంజింది. ప్రేమతోనా అంటే, కాదు. వదల్లేదు కూడా.

సిమిచ్ కోటు జేబులోంచి గొట్టం తీశాడు. చెవులకి పెట్టుకుని, దాని బిళ్లని పెర్సిదా చెవి వెనక ఆనించాడు. ఆ జానెడు దూరం ఇప్పుడు వెళ్లింది ఆయన చెయ్యి. ముఖం తెల్లబడింది. నోట్లో పుదీనా బిళ్ల కదలడం మానేసింది.

"ఇది వయసా డాక్టరు గారూ?" అంది పెర్సిదా. "నరాలా?"

"నన్ను క్ష..."

"తర్వాత. ముందు ఎక్కడికి వెళ్లాలో చెప్పండి."

అప్పటికి కొషవా పెదాలు నీలంగా మారాయి. జుట్టు తలగుడ్డలోంచి జారి ఎండిపోయిన రెల్లులా వేలాడుతోంది. ఆగిన గాలి ఎక్కువసేపు గాలిగా ఉండలేదు. ఫాదర్ గావ్రిలో లేచి ఆవిడ భుజం మీద చెయ్యి వేశాడు. "చాలమ్మా. విన్నాం. ఊపిరి వదులు."

ఇంట్లో వదిలితే ఇల్లు లేచిపోతుందని ఆవిడకి తెలుసు. గోడ పట్టుకుని గుమ్మం దాకా నడిచి, గట్టు మీదికి వెళ్లి, అక్కడ వదిలింది. ఆ ఊపిరి ఊరంతా తిరిగి ఒక్క పెంకు కూడా కదపలేదు. దవాఖానా ముందున్న సిమిచ్ పేరు బోర్డుని మాత్రం మేకులతో సహా ఊడబెరికి డాన్యూబ్‌లో వేసింది.

మర్నాడే బెల్‌గ్రేడ్ బయల్దేరారు. రాదిసావ్ పాత కారు ఆ రోజు గట్టెక్కడానికి ఆయాసపడలేదట, వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టే వెళ్లిందట. పెద్దాసుపత్రిలో డాక్టర్ నెవేనా అని ఒకావిడ, సన్నగా, చేతులకి ఎప్పుడూ చలేస్తున్నట్టు రుద్దుకుంటూ ఉంటుంది. తలలోని నెత్తురు దారులన్నిటినీ మెషీన్లో చూసి, బొమ్మ తెరమీద పెట్టి చూపించింది.

"మీరు నది ఒడ్డువాళ్లు కదా, తేలిగ్గా అర్థమవుతుంది. ధమని అంటే నది, ఉరుకుతూ వస్తుంది. సిర అంటే పొలం కాలువ, నెమ్మదిగా వెనక్కి పోతుంది. మధ్యలో సన్నటి పిల్లకాలువలు ఉండి జోరు తగ్గిస్తాయి. మీకు మెదడు పైపొర దగ్గర గట్టు తెగింది. నది నేరుగా కాలువలో పడుతోంది. మీరు విన్నది ఆ పారుడు."

"అలా పారితే ఏమవుతుంది?" అన్నాడు రాదిసావ్.

"కాలువ గట్లు ఆ జోరుకి కట్టినవి కావు. ఇప్పటికే నీళ్లు వెనక్కి తన్ని మెదడు మీదికి ఎక్కుతున్నాయి. మాటలు తప్పడం అందుకే. ఏదో ఒక రోజు తెగేది."

పెర్సిదా బొమ్మ వంక చూసింది. "తల కొయ్యాలా?"

"అక్కర్లేదు. తొడ దగ్గర చిన్న గాటు పెట్టి, నెత్తురు దారిలోనే వెంట్రుకంత గొట్టం పైకి తీసుకెళ్తాం. గండి దగ్గరికి చేరాక నల్లటి మందు వదులుతాం. పారుతూ వెళ్లి గట్టిపడుతుంది. గండి పూడుతుంది. ప్రమాదం అసలు లేదని చెప్పను. కానీ ఇలా వదిలేస్తే ఉన్నదానికంటే తక్కువ." ఆవిడ చేతులు రుద్దుకుంది. "ఇది చాలామందికి తెగాక గానీ తెలియదు. మీ చప్పుడు ముందుగా ఎవరు విన్నారు?"

"గాలి," అంది పెర్సిదా.

"మంచి చెవి," అంది డాక్టర్ నెవేనా, రాసుకుంటూ.

ఆ ఉదయం పెర్సిదాని నిద్రపుచ్చారు. రాదిసావ్ బయట టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గొట్టం తొడ నుంచి కడుపు దాటి, గుండె పక్కనుంచి, మెడలోంచి, చెవి వెనక్కి వెళ్లింది. సిమిచ్ చెయ్యి వెళ్లలేకపోయిన ఆ చోటికి. గండి ఎక్కడుందో అక్కడ నల్లటి మందు మెల్లగా నిండింది. మెషీన్ తెర మీద నది కాలువలోకి పడటం ఆగింది.

పెర్సిదా కళ్లు తెరిచి అన్న మొదటి మాట, "ఎవరు వెళ్లిపోయారు?"

ఎవరూ వెళ్లలేదని నర్సు చెప్పింది. అప్పుడు పెర్సిదాకి అర్థమైంది. పక్క మంచం మీద ముసలావిడ దగ్గు వినపడుతోంది. వరండాలో బండి చక్రం కిర్రుమంటోంది. తన తలలో మాత్రం ఏ చప్పుడూ లేదు. ఆమె ఏడ్చింది. రాదిసావ్ కంగారుపడి, నొప్పా అని అడిగాడు.

"కాదు, కోపం," అంది. "ఇంత నిశ్శబ్దం నాది. ఇన్ని నెలలు నాకివ్వలేదు."

ఇంటికొచ్చిన రోజు ఆమె ఒంటి నుంచి, ఊపిరి నుంచి వెల్లుల్లి వాసన. ఆ నల్లటి మందు కలిపే ద్రవం ఒంట్లోంచి పోయేదాకా అలా వస్తుందని డాక్టర్ ముందే చెప్పిందట. మిలుంకా గుమ్మంలోనే పసిగట్టి, ముఖం వెలిగిపోయి, "చూశారా, నా వెల్లుల్లే పనిచేసింది," అంది.

 పెర్సిదా పెట్టె కింద పెట్టి, కోటు కూడా విప్పకుండా, కిటికీ దగ్గరికి వెళ్లి టేపు అంచు గోరుతో లేపి ఒక్క లాగు లాగింది. గోడ సున్నం కూడా ఊడొచ్చింది. తర్వాత రెండో కిటికీ. తర్వాత ఎదురు గదిలోది. ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి, ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మిలుంకా గోడకి అతుక్కుపోయి శిలువ గుర్తు వేసుకుంది. రాదిసావ్ ఆ మధ్యలోకి నడిచి, ఇంకో కుర్చీ తెచ్చుకుని, భార్య పక్కన కూర్చున్నాడు. కాస్త భయపడుతూనే. తల మీద ఆ తిరిగొచ్చిన టోపీ.

కాసేపటికి వంటగదిలోంచి రాగి గిన్నె చప్పుడైంది. మిలుంకా వచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా కిటికీ దగ్గర ఒక కప్పు పెట్టింది. తన చేత్తో పెట్టింది. అది నేను ప్లమ్ చెట్ల ఇవతల నుంచి చూశాను కాబట్టి చెప్తున్నా, లేకపోతే మిలుంకా పెట్టిందంటే నేనే నమ్మేదాన్ని కాదు.

కొషవా సాయంత్రం వచ్చి తాగింది. ఆ పండగ నాటి నుంచి ఆవిడ గొంతు బొంగురుపోయింది, మీరూ వినే ఉంటారు, రాత్రుళ్లు మధ్యమధ్యలో ఆగి ఆగి వీస్తుంది. పెర్సిదా ఆ బొంగురు గొంతుని, వేరే ఏ చప్పుడూ అడ్డం లేకుండా, చివరిదాకా వింది.

సిమిచ్ ఇప్పటికీ ఇక్కడే ఉన్నాడు. కాలి ఆనె చూపించుకోడానికి వెళ్లినా ముందు తలకి గొట్టం పెట్టి వింటాడు. నవ్వుతారు జనం. నేను నవ్వను, విననీ. ఆయన్ని క్షమించావా అని ఫాదర్ గావ్రిలో ఓ ఆదివారం పెర్సిదాని అడిగాడు. పాట ఎత్తే చోటు మళ్లీ తనదే, పుస్తకం తిరగేస్తూ చెప్పింది:

"ప్రయత్నిస్తున్నాను ఫాదర్. ఎదురుగాలిలో కూర్చుని ప్రయత్నిస్తున్నాను."

ఫాదర్ తల ఊపాడు. దేవుడికి తొందర లేదన్నాడు.

అదిగో, కప్పు అంచు కదిలింది. వచ్చినట్టుంది, ఆ కుర్చీ వదలండి. ఇక మీరు ఇళ్లకి వెళ్లండి. వెళ్లాక ఈ కథలో అన్నీ మర్చిపోయినా నాకు బాధ లేదు. నదీ కాలువా మర్చిపోండి, నన్ను మర్చిపోండి. ఒక్క పని గుర్తుంచుకోండి. మీ ఇంట్లో ఎవరైనా, భార్య కావచ్చు, పిల్ల కావచ్చు, మూలన కూర్చున్న ముసలాయన కావచ్చు, నాకేదో వినపడుతోంది అంటే, నాకేదో నొప్పిగా ఉంది అంటే, మీకు తెలిసిన కారణం చెప్పకండి. లేచి వాళ్ల దగ్గరికి వెళ్లండి. తలకి చెవి ఆనించండి. మా కొషవా చేసినట్టు ఒక్కసారి ఊపిరి బిగబట్టండి.

ఆవిడ గాలి అయ్యుండీ బిగబట్టింది. మనకేం కష్టం.